గుడ్లు పెట్టే సముద్ర తాబేళ్ళకు కాపలా కాయాలంటే

తాబేలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టడం కళ్ళారా చూడాలని చాలామంది వాలంటీర్లుగా చేరతారు. తప్పు లేదు, నేనూ అలాగే చేరాను. కానీ ముందే చెప్తున్నా, మొదటి వారమంతా నడిచినా మీకు ఒక్క తాబేలు కూడా కనబడకపోవచ్చు. కనబడేది ఇసుక, దోమలు, తెల్లారేసరికి ఒడ్డు మీద ట్రాక్టర్ వెళ్ళినట్టు ఒక జాడ. ఆ జాడని చదవడం, రాసుకోవడం, ఆ గూడుకి ఏమీ కాకుండా సుమారు రెండు నెలలు చూసుకోవడం, పని అంటే అదే. తాబేలుని తాకాల్సిన అవసరం చాలా కొద్దిసార్లే వస్తుంది, అదీ అందరికీ రాదు.

ముందు అనుమతి సంగతి చూసుకోండి. సముద్ర తాబేళ్ళలో ఉన్నవి 7 జాతులే, ఏడూ సైటీస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉన్నాయి. అది వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారానికి సంబంధించినది. దాని సంగతి అలా ఉంచితే, చాలా దేశాల్లో వాటి గుడ్డుని తాకడం కూడా సొంత చట్టాల ప్రకారం నేరమే. "మంచి పనే కదా చేస్తున్నాం" అంటే చట్టం ఊరుకోదు. కాబట్టి అప్పటికే అనుమతి ఉన్న బృందంలో చేరండి, లేదా అటవీ, వన్యప్రాణి శాఖ వాళ్ళతో రాతపూర్వకంగా మాట్లాడుకోండి. మీ అనుమతిలో ఏమేం చేయొచ్చో అడగండి: నడవడం మాత్రమేనా, గూడు గుర్తు పెట్టొచ్చా, గుడ్లు తరలించొచ్చా, ట్యాగ్ (తాబేలు కాలికి తగిలించే నంబరు బిళ్ళ) వేయొచ్చా. ఇవన్నీ వేరువేరు అనుమతులు. ఒకటి ఉంటే ఇంకోటి ఉన్నట్టు కాదు.

వెంట ఏం తీసుకెళ్ళాలి

ముదురు రంగు బట్టలు, ఎర్ర కాంతి ఇచ్చే టార్చి, పెన్సిల్, తడిసినా పాడవని నోట్‌బుక్, బట్టలు కుట్టేవాళ్ళ దగ్గర ఉండే మెత్తటి కొలత టేపు, చేతి గ్లౌజులు, జీపీఎస్ ఉన్న ఫోన్, తాగడానికి నీళ్ళు. పెన్ను వద్దు. ఒక రాత్రి బాల్ పెన్నుతో రాసిన మూడు పేజీలు తుంపరకి నీలి మరకలైపోయాక నాకు బుద్ధొచ్చింది. దోమల మందు ఒంటికి పూసుకుంటే పూసుకోండి గానీ, గుడ్లు ముట్టుకునే అవకాశం ఉన్నవాళ్ళు చేతులకి పూయొద్దు. ఒంటరిగా వెళ్ళొద్దు. ఉరుములు మొదలైతే ఒడ్డు వదిలి వచ్చేయండి, ఆ ఖాళీ ఇసుక మీద అందరికన్నా ఎత్తుగా కనబడేది మీరే.

ఎర్ర కాంతే ఎందుకంటే, తాబేలు కంటికి నీలం, ఆకుపచ్చ, తెలుపు బాగా తెలుస్తాయి, ఎరుపు తక్కువ తెలుస్తుంది. తక్కువే గానీ అసలు తెలియదని కాదు. అందుకని ఎర్ర టార్చి ఉంది కదా అని దారంతా వెలిగించుకుంటూ వెళ్ళకండి. లైటు లేకుండా ఒక పది నిమిషాలు నడిస్తే కళ్ళు చీకటికి అలవాటుపడతాయి, నక్షత్రాల వెలుగు కూడా సరిపోతుంది.

తెల్లవారుజామున నడక

కొత్తవాళ్ళు రాత్రి గస్తీ కన్నా పొద్దుటి నడకతో మొదలుపెడితే మేలు. సూర్యుడు వచ్చేలోపే బయలుదేరాలి, ఎందుకంటే ఎండ ఎక్కి ఇసుక పొడిబారితే, గాలి లేస్తే, వాకింగ్ చేసేవాళ్ళు నాలుగు అడుగులు వేస్తే జాడ చెరిగిపోతుంది. రాత్రి పోటు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ నాచు, పుల్లలు, గవ్వలతో ఒక గీత ఉంటుంది చూడండి, దాని పక్కనే నడవండి. తాబేలు ఎక్కినా దిగినా ఆ గీతని దాటాల్సిందే.

జాడ కనబడగానే దాని మీద కాలు పెట్టకుండా పక్కన నిలబడి చూడండి. రెండు వరసలు ఉంటాయి, ఒకటి వచ్చింది, ఒకటి వెళ్ళింది. తెడ్డు లాంటి కాళ్ళు ఇసుకని వెనక్కి తోస్తాయి కాబట్టి ఇసుక ఎటువైపు కుప్పపడిందో తాబేలు దానికి ఎదురు దిక్కులో వెళ్ళినట్టు. ఒకదాని మీద ఒకటి పడితే, పైన ఉన్నదే తిరుగు జాడ. ఆటు సమయంలో వచ్చి ఉంటే తిరుగు జాడ పొడవుగా ఉంటుంది, ఎందుకంటే అది ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పటికి నీళ్ళు వెనక్కి తగ్గి ఉంటాయి.

ఏ జాతి అనేది కూడా జాడే చెప్తుంది. ఎడమ, కుడి గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి, మనం నడిచినట్టు పడితే అది రిడ్లీ, లాగర్‌హెడ్, హాక్స్‌బిల్ వీటిలో ఏదో ఒకటి. రెండు పక్కలా గుర్తులు ఎదురెదురుగా, ఈత కొట్టేవాడు రెండు చేతులూ ఒకేసారి వేసినట్టు పడితే పచ్చ తాబేలు గానీ లెదర్‌బ్యాక్ గానీ. వెడల్పు కొలవండి: ఆలివ్ రిడ్లీది సుమారు 70 నుంచి 80 సెంటీమీటర్లు, పచ్చ తాబేలుది మీటరు అటూ ఇటూ, లెదర్‌బ్యాక్‌ది మీటరున్నర దాటుతుంది. మొదటిసారి లెదర్‌బ్యాక్ జాడ చూసినవాళ్ళు బండి వచ్చిందనే అనుకుంటారు. అనుమానం ఉంటే "తెలియదు" అని రాయండి, ఊహించి రాసిన జాతి పేరు కన్నా అది ఎన్నో రెట్లు నయం. ఫోటో తీసేటప్పుడు టేపు పక్కన పెట్టి తీస్తే తర్వాత తెలిసినవాళ్ళు చూసి చెప్తారు.

ఇక గూడు ఉందా, ఉత్తినే వచ్చి పోయిందా? తాబేలు చాలాసార్లు ఒడ్డెక్కి, ఏదో నచ్చక, గుడ్లు పెట్టకుండానే వెళ్ళిపోతుంది. లైటు పడిందేమో, కుక్క అరిచిందేమో, ఇసుక మరీ పొడిగా ఉండి తవ్విన గుంత కూలిపోయిందేమో. గుడ్లు పెట్టి ఉంటే ముందు కాళ్ళతో ఎగజిమ్మిన ఇసుక తను వచ్చిన జాడ మీదే పడి ఉంటుంది, చుట్టూ నేల కెలికినట్టు, పూడ్చినట్టు ఉంటుంది, మొక్కలుంటే వేళ్ళతో సహా లేచి ఉంటాయి. గుంత తెరిచి వదిలేసినా, ఇసుక చల్లిన గుర్తే లేకపోయినా చాలావరకు అది ఉత్తి రాకే. కర్ర గుచ్చి చూడొద్దు. కొన్నిచోట్ల అనుభవం ఉన్నవాళ్ళు అలా చేస్తారు గానీ ఒక్క గుడ్డు పగిలినా చీమలు, పీతలు వస్తాయి, గూడంతా పాడవుతుంది.

అంతా రాసుకున్నాక, ఆ జాడకి అడ్డంగా కాలితో ఒక గీత గీయండి. రేపు వచ్చేవాళ్ళు దాన్ని మళ్ళీ లెక్కపెట్టరు. ఇంత చిన్న పని మర్చిపోయి నేను ఒకే తాబేలుని రెండు రోజులు రెండు తాబేళ్ళుగా రాశాను.

రాసేది ఏమిటి

తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా నడిచారు, జాతి, గూడా ఉత్తి రాకా, జీపీఎస్ అంకెలు, పోటు గీత నుంచి గూడు ఎంత దూరం, దగ్గర్లో లైట్లు, కుక్కలు, బండ్ల జాడలు లాంటివి ఏమున్నాయి, రాసిందెవరు. ఏమీ కనబడని రోజు కూడా "సున్నా" అని రాయాలి. దీన్ని చాలామంది దాటేస్తారు, నా లెక్కలో అన్నిటికన్నా విలువైన అంకె ఇదే. నడిచి సున్నా చూడటం వేరు, అసలు నడవకపోవడం వేరు, పుస్తకంలో రెండూ ఖాళీగా ఉంటే పదేళ్ళ తర్వాత ఆ తేడా ఎవరికీ తెలియదు.

పదేళ్ళు అని ఊరికే అనలేదు. ఆడ తాబేలు ఒకే సీజన్లో చాలాసార్లు గుడ్లు పెట్టొచ్చు, పచ్చ తాబేలు సుమారు రెండు వారాలకోసారి, లెదర్‌బ్యాక్ 9, 10 రోజులకోసారి వస్తాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళు అసలు కనబడకపోవచ్చు. కాబట్టి 60 గూళ్ళు అంటే 60 తాబేళ్ళు కాదు, ఈ ఏడాది గూళ్ళు సగానికి పడిపోతే తాబేళ్ళు సగం చచ్చిపోయినట్టూ కాదు. కోస్టారికాలోని టోర్టుగేరోలో ఆర్చీ కార్ అనే శాస్త్రవేత్త 1950లలో మొదలుపెట్టిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది, పచ్చ తాబేళ్ళ గురించి తెలిసినదాంట్లో చాలా భాగం అలాంటి ఒడ్డుల నుంచే వచ్చింది. 2025లో ఐయూసీఎన్ (ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో జాబితా వేసే అంతర్జాతీయ సంస్థ) పచ్చ తాబేలుని అంతరించే ప్రమాదం ఉన్నవాటి నుంచి తీసి "తక్కువ ఆందోళన" వర్గంలో పెట్టింది, 1970ల నుంచి వాటి సంఖ్య సుమారు 28 శాతం పెరిగిందని అంచనా. పెరిగిందని చెప్పాలన్నా ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి పొద్దున్నే లేచి లెక్కపెట్టి ఉండాలి కదా.

రాత్రి తాబేలు ఎదురైతే

కదలొద్దు. టార్చి ఆర్పి ఉన్నచోటే కూర్చోండి. ఒడ్డెక్కేటప్పుడు, గుంత తవ్వేటప్పుడు అది చాలా బెదురుగా ఉంటుంది, నీడ కదిలినా వెనక్కి తిరిగిపోతుంది. ముందు ఒళ్ళు పట్టేంత పల్లం చేసుకుంటుంది, తర్వాత వెనక కాళ్ళని గరిటెల్లా వాడుతూ ఒక్కో పిడికెడు ఇసుకా తీసి పక్కన పెడుతుంది. చూడకుండా చేసే ఆ పనిలో ఎంత ఒడుపు ఉంటుందో చెప్పలేను, చూడాల్సిందే. వెనక కాళ్ళు తవ్వడం ఆపి గుడ్లు పడటం మొదలయ్యాక మాత్రమే, వెనకవైపు నుంచి, మెల్లగా దగ్గరికి వెళ్ళండి. తల వైపు వెళ్ళొద్దు, ఫ్లాష్ వద్దు, మీద చెయ్యి వేసి సెల్ఫీ అసలే వద్దు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే "అయ్యో, నొప్పితో ఏడుస్తోంది" అంటారు పక్కవాళ్ళు. అది ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని కంటి దగ్గరి గ్రంథులు బయటికి పంపడం, సముద్రంలో కూడా అది జరుగుతూనే ఉంటుంది.

కొలతలు తీసుకునే శిక్షణ ఉంటే గుడ్లు పెట్టేటప్పుడో పూడ్చేటప్పుడో డిప్ప వంపు వెంట టేపు వేసి, మెడ దగ్గరి అంచు నుంచి తోక వైపు చివరి దాకా పొడవు కొలవండి. రెండుసార్లు కొలిచి రెండూ రాయండి. కాలికి లోహపు ట్యాగ్ ఉంటే నంబర్ ఒకరు చదవాలి, ఇంకొకరు రాసి తిరిగి గట్టిగా చదవాలి. ఆ ట్యాగ్ కనబడితే ఎవరికి తెలియజేయాలో ఆ చిరునామా దాని వెనక పక్క ఉంటుంది, అదీ రాసుకోండి. కొత్త ట్యాగ్ వేయడం మాత్రం శిక్షణ ఉన్నవాళ్ళ పని.

ఒడిశాలో గహిర్మాత, రుషికుల్య, కోస్టారికాలో ఓస్టియోనల్ లాంటి చోట్ల ఆలివ్ రిడ్లీలు కొద్ది రాత్రుల్లోనే వేలకు వేలు ఒకేసారి ఎక్కుతాయి. అక్కడ ఒక్కో జాడ లెక్కపెట్టడం కుదరదు, ఒడ్డుని పట్టీలుగా విడదీసి నమూనా లెక్కలు తీస్తారు. అది వేరే విద్య, ఇక్కడ చెప్పడం లేదు.

గూడుని ఎక్కడిదక్కడే ఉంచాలా?

వీలైనంత వరకూ ఉంచండి. కొత్త వాలంటీర్లకి గుడ్లు చూడగానే హేచరీకి (తరలించిన గుడ్లని పాతిపెట్టి పొదిగించే చోటుకి) తీసుకెళ్ళిపోవాలనిపిస్తుంది, అక్కడ కంచె ఉంది, కాపలా ఉంది, భద్రం అనిపిస్తుంది. కానీ చెయ్యి పడ్డ ప్రతి గూడులో ఎంతో కొంత నష్టం ఉంటుంది. తాబేలు గూడు పోటు నీళ్ళలో తప్పకుండా మునిగే చోట ఉంటేనో, గుడ్ల దొంగల చేతికి తప్పకుండా చిక్కుతుందంటేనో తరలించాలి. అదీ అనుమతి ఉంటేనే.

తరలించాలంటే గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోపే అయిపోవాలి, రెండు గంటల్లోపు అయితే మరీ మంచిది. కారణం తెలిస్తే ఈ నియమం మర్చిపోరు: గుడ్డు పెట్టాక పిండం పైకి తేలి పెంకు లోపలి పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డుని తిప్పితే ఆ అతుకు చిరిగి పిండం చచ్చిపోతుంది, బయటికి మాత్రం గుడ్డు చక్కగానే కనబడుతుంది. అందుకే బకెట్ అడుగున తడి ఇసుక వేసి, గ్లౌజులతో ఒక్కొక్కటే, పైభాగం పైకే ఉండేట్టు పెట్టండి. కడగొద్దు, ఊపొద్దు, బండి మీద గతుకుల దారిలో తీసుకెళ్ళొద్దు. కొత్త గుంత కూడా తాబేలు తవ్వినట్టే ఉండాలి: పైన మెడ సన్నగా, అడుగున వెడల్పుగా, కూజాలాగా. పాత గూడు లోతు కొలిచి అంతే లోతు తవ్వండి, రిడ్లీకి సుమారు అర మీటరు లోపే ఉంటుంది, లెదర్‌బ్యాక్‌కి 70 సెంటీమీటర్లు దాటుతుంది. గూటికీ గూటికీ మధ్య కనీసం మీటరు దూరం ఉంచండి. హేచరీ స్థలం ఏటా మార్చండి, లేదంటే పాత గుడ్ల కుళ్ళు నుంచి బూజు, బ్యాక్టీరియా కొత్తవాటికి ఎక్కుతాయి.

ఇంకో సంగతి వేడి. ఈ పిల్లలు ఆడా మగా అన్నది ఇసుక వేడి మీద ఆధారపడి ఉంటుంది, గుడ్డు ఎదిగే కాలంలో మధ్య మూడోవంతులో అది తేలుతుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి, అంతకన్నా వేడైతే ఆడవి, చల్లనైతే మగవి ఎక్కువ. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగపు ఒడ్డుల్లో పుట్టిన చిన్న పచ్చ తాబేళ్ళలో 99 శాతం పైగా ఆడవేనని 2018లో వచ్చిన పరిశోధన తేల్చింది. అంటే హేచరీని నీడ లేని చోట కడితే మీకు తెలియకుండానే మీరు ఆడపిల్లల్నే పుట్టిస్తుంటారు. పూర్తి నీడలో కడితే తలకిందులు. సహజ గూళ్ళ పక్కనా, హేచరీలోనూ గూడు లోతులో థర్మామీటర్ పెట్టి పోల్చి చూసుకోవాలి.

చోటు మార్చని గూటికి గుర్తు కావాలి. గూటి మీదే కర్ర పాతితే దొంగలకి బోర్డు పెట్టినట్టే. పైన మొక్కల వరసలో రెండు కర్రలు దూరదూరంగా పాతి, ఒక్కో కర్ర నుంచి గూటికి ఎంత దూరమో పుస్తకంలో రాసుకోండి, రెండు టేపులు కలిసిన చోటే గూడు. కుక్కలు, నక్కలు, పందుల బెడద ఉంటే పిల్లలు దూరిపోగలిగేంత పెద్ద కళ్ళున్న వలని గూటి మీద పరిచి అంచులు లోతుగా పాతిపెట్టండి. ఇనుప వల చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది, పిల్లలు దిక్కు తెలుసుకోవడానికి ఆ క్షేత్రాన్నీ వాడతాయి కాబట్టి ప్లాస్టిక్ వల దొరికితే అది నయం. గూళ్ళ జీపీఎస్ అంకెలు, గుర్తుపట్టే ఫోటోలు సోషల్ మీడియాలో పెట్టకండి.

పిల్లలు బయటికొచ్చే రోజు

జాతిని, వేడిని బట్టి 45 నుంచి 70 రోజులు. పిల్లలు గుడ్డు పగలగొట్టుకున్నాక కూడా ఇసుకలోంచి అంతా కలిసి పైకి పాకడానికి కొన్ని రోజులు తీసుకుంటాయి. గూటి మీద ఇసుక కొంచెం కుంగితే దగ్గరపడిందని అర్థం. రాత్రి పైఇసుక చల్లబడగానే ఒక్కసారిగా పొంగినట్టు వస్తాయి.

అప్పుడు మీ పని దారి ఖాళీ చేయడం. బండి చక్రాల గాళ్ళు, ఊళ్ళో చిన్నపిల్లలు ఆడుకుంటూ తవ్విన గుంతలు సాయంత్రమే పూడ్చేయండి, వాటిలో పడ్డ తాబేలు పిల్ల ఎక్కలేదు. చేతిలోకి తీసుకుని నీళ్ళలో వదలొద్దు, ఇసుక మీద దాన్నే నడవనివ్వండి. తొట్టిలో నీళ్ళు పోసి రెండు రోజులు ఉంచి "జనం చూస్తారని" ఆదివారం వదిలే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దాన్ని గట్టిగా వ్యతిరేకించండి. పుట్టిన మొదటి రోజు ఆగకుండా ఈది ఒడ్డుకి దూరంగా పోవడానికే వాటి ఒంట్లో శక్తి ఉంటుంది, అదంతా తొట్టి గోడలకి కొట్టుకుంటూ అయిపోతుంది. హేచరీ పిల్లల్ని ఆ రాత్రే వదలండి, రోజూ ఒకేచోట కాకుండా చోటు మారుస్తూ వదలండి, లేదంటే చేపలు ఆ చోటు మరిగి కాచుకుని కూర్చుంటాయి.

తెల్లారి వాటి చిన్న జాడలు చూడండి. విసనకర్రలా కొద్దిగా విచ్చుకుని సముద్రం వైపు వెళ్తే సరే. గుండ్రంగా తిరిగి, ఊరి వైపో రోడ్డు వైపో వెళ్తే లైట్లు దారి తప్పించాయన్నమాట, ఎందుకంటే అవి చీకటి ఎత్తుల నుంచి దూరంగా, కిందుగా వెలుగున్న దిక్కుకి పోతాయి, మామూలుగా అది సముద్రమే. ఎన్ని తప్పాయో, ఏ దిక్కుకో రాసి ఫోటో తీయండి. ఆ లైటు యజమానితో గొడవ పడకండి. ఆ ఫోటో చూపించి, సీజన్ అయ్యేదాకా ఆర్పేయమనో, కిందికి తిప్పి మూత పెట్టమనో, పసుపు-నారింజ బల్బు వేయమనో అడగండి. చాలామందికి అసలు విషయం తెలియకే అలా ఉంచుతారు.

చిక్కుకున్నవి, కొట్టుకొచ్చినవి

బతికున్న తాబేలు ఒడ్డుకి కొట్టుకొస్తే సముద్రంలోకి తోసేయకండి, అది బాగుంటే బయటికి వచ్చేదే కాదు. నీడ కల్పించి, ముక్కు వదిలేసి ఒంటి మీద తడి గుడ్డ కప్పి, శాఖవాళ్ళకి ఫోన్ చేయండి. వలలో మునిగి స్పృహ లేకుండా దొరికినదాన్ని పొట్ట కిందికే ఉంచి, వెనక భాగం కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తుగా పెడితే ఊపిరితిత్తుల్లోని నీళ్ళు బయటికి కారిపోతాయి, తేరుకోవడానికి గంటలు పట్టొచ్చు, కదలడం లేదు కదా అని వదిలేయొద్దు. చనిపోయినదైతే జాతి, పొడవు, గాయాలు రాసి, ఫోటో తీసి, డిప్ప మీద పెయింట్ గుర్తు వేయండి, మళ్ళీ లెక్కలోకి రాకుండా. ఒడ్డున వల లాగే కుటుంబాలతో ముందే పరిచయం పెంచుకోండి, ఇలాంటివన్నీ మీకన్నా ముందు వాళ్ళ కంటే పడతాయి.

చివరి తవ్వకం

పిల్లలు వెళ్ళిపోయిన మూడు రోజుల తర్వాత, అనుమతి ఉన్న మనిషితో గూడు తవ్వండి. ఒక్క పిల్ల కూడా బయటికి రాకపోతే మీ ఒడ్డు నియమం చెప్పిన గడువు దాకా, సాధారణంగా 70 రోజులు దాటేదాకా ఆగండి. వాసన భరించాలి, దానికి మార్గం లేదు. సగానికి పైగా ఉన్న పెంకులు, పొదగని గుడ్లు, గూట్లోనే మిగిలిన బతికున్న పిల్లలు, చచ్చినవి వేరువేరు కుప్పలు పెట్టి లెక్కపెట్టండి. ఉదాహరణకి పెంకులు 92, పొదగనివి 18 అయితే మొత్తం 110, పొదిగింది 83.6 శాతం. గూట్లో 3 బతికినవి, 1 చచ్చినది దొరికితే సొంతంగా బయటపడ్డవి 88, అంటే 80 శాతం. రెండు అంకెలూ రాయాలి, ఒకటి గుడ్డు గురించి, రెండోది గూడు గురించి చెప్తుంది. బతికున్నవాటిని ఆ సాయంత్రమే చీకటి పడ్డాక వదలండి, పొట్టకి పచ్చసొన సంచి ఇంకా వేలాడుతుంటే తిరిగి తడి ఇసుకలోనే పెట్టండి.

సీజన్ అయ్యాక పాతిన కర్రలు, వలలు, తాళ్ళు అన్నీ పీకి లెక్క చూసుకోండి. ఎన్ని పాతారో పుస్తకంలో ఉంటుంది కదా, ఒక్కటి తక్కువైనా వెనక్కి వెళ్ళి వెతకండి. వచ్చే ఏడు ఒడ్డెక్కే తాబేలు మెడకి తగిలేది ఆ తాడే కావచ్చు.